మూడు మైక్రాన్లు

ఎల్గోయిబార్‌లో వాన అడిగి రాదు.
కొండకీ కొండకీ మధ్య ఇరుక్కున్న ఊరు,
దేబా ఏటి పక్కనే మా షెడ్లు,
అందులో ఒక్క గదిలో మాత్రం ఎప్పుడూ ఇరవై డిగ్రీలే.
అక్కడ వేసవి లేదు, చలి లేదు, గర్బిన్యే ఉంటుంది.

చేరిన రోజే సొరుగు లాగి అడిగింది:
"ఉనాయ్, ఈ షాఫ్టు కొలవడానికి ఏది తీస్తావ్?"
మెరుస్తోంది కదా అని డిజిటల్ కాలిపర్ తీశాను.
"అది పట్టుకుని సంతకెళ్ళు, ఉల్లిపాయలు కొలుచుకో.
అంకెలెన్ని చూపిస్తే అంత నిజం కాదు నాయనా.
పదమూడు మైక్రాన్ల సందులో దూరే షాఫ్టుకి
ఒక్క మైక్రాన్ దగ్గర తడబడనిది కావాలి."

లోకం వెంట్రుకవాసి అంటుంది, అదేదో మహా సన్నమైనట్టు.
మా గదిలో వెంట్రుకంటే దుంగ.

తర్వాత ఒక ఉక్కు దిమ్మ నా అరచేతిలో పెట్టి
ఏవేవో కబుర్లు చెప్పింది,
పెలోటా ఆటలో విరిగిన అన్న వేలు గురించి,
చేపలకొట్టు వాడి తూకం గురించి.
కొలిస్తే దిమ్మ మైక్రాన్నర లావెక్కింది.
"నీ చెయ్యే. ఇనుముకి జ్వరం తెప్పించావు.
రాతిబల్ల మీద పడుకోబెట్టు. మధ్యాహ్నం అడుగుదాం."

ఆమె మైక్రోమీటర్‌కి ముప్పై ఒక్క ఏళ్ళు.
బొటనవేలు ఆనే చోట రంగు పోయి
నున్నటి ఉక్కు కనిపించేది.
టిక్, టిక్, టిక్. మూడు చప్పుళ్ళు, అక్కడితో సరి.
నాలుగోది వినిపిస్తే తలెత్తి చూసేది,
అబద్ధం ఆడినవాణ్ణి చూసినట్టు.

ఒక సోమవారం, తనిఖీ రోజు,
ఇరవై మిల్లీమీటర్ల దిమ్మని బిగించింది.
గీతలు కలవాల్సిన చోట కలవలేదు.
తుడిచింది. మళ్ళీ బిగించింది.
కళ్ళజోడు మార్చుకుని మళ్ళీ.
మూడు మైక్రాన్లు తక్కువ చెబుతోంది.
అరిగిపోయింది, ఆమె చేతిలోనే, ఆమెకి తెలియకుండా.

"తాళంచెవితో సున్నా సరిచేస్తే పోలా?" అన్నాను.
"సున్నా దగ్గర అందరూ బుద్ధిమంతులే."
ఎర్ర చీటీ తీసింది. వాడరాదు.
తన పేరు తనే రాసి, అతికించి,
ఫోన్ అందుకుంది:
"కొల్డో, సరగోసా లారీ ఎక్కడుంది?
వెనక్కి తిప్పించు. కారణం నేను."

రెండు వందల నలభై షాఫ్టులు దించాం,
వానలో, టార్పాలిన్ కింద.
రాత్రంతా చల్లారనిచ్చి
మర్నాడు కొత్తదానితో ఒక్కొక్కటీ చూశాం.
పదకొండు గీత దాటాయి.
కొల్డో ఏమీ అనలేదు. అనకపోవడం వినిపించింది.

ఎర్ర చీటీతో సహా అదిప్పుడు నా సొరుగులో ఉంది.
దాంతో దేన్నీ కొలవను.
ఎప్పుడైనా, నాకంతా తెలుసనిపించిన రోజున,
తీసి కాసేపు పట్టుకుంటాను.
చేతిలో ఊరికే వేడెక్కుతుంది.