నాలుగు ఎంబీల మామిడి

చిత్తూరు కొంగారెడ్డిపల్లిలో
జిరాక్సు షాపు పైన మా ఆఫీసు.
రాత్రి పదకొండుకి అందరూ పోయినాక
నల్లతెర మీద ఒక్క వరుస కమాండు కొట్టి
ఎంటర్ నొక్కినాను.
మౌసుతో పనిలేదు. బొమ్మలు లేవు.
కంటికి కనపడని బ్రౌజరొకటి లేచి
మా టోకెన్ పేజీ తలుపు తట్టి
తెరుచుకునేదాకా లెక్కబెట్టి
అంకె చెప్పి చచ్చిపోతుంది.
మళ్ళీ పుడుతుంది. ఐదుసార్లు.

ఐదెందుకంటే
ఒక్క తూకాన్ని నమ్మొద్దని
మా తాత దేశయ్య నేర్పినాడు,
బెల్లం మండీలో కాటా పట్టినోడు.
దిమ్మె అదే, కాటా అదే,
గాలి మారితే ముల్లు మారుతుంది పాపా.
ఎక్కువది తీసెయ్, తక్కువది తీసెయ్,
నడిమిది రాసుకో.

నడిమిది ఒకటి పాయింట్ నాలుగు సెకన్లు.
మార్కులు తొంభై మూడు. పచ్చరంగు.
మా ఓనరు జ్ఞానశేఖర్ ఆ పచ్చరంగుని ఫోటో తీసి
గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళకి పంపినాడు.

పొద్దున్నే ఫోను.
"అమ్మా, చెంగల్రాయుణ్ణి.
బంగారుపాళెం రోడ్డులో ఉండా, ఫ్యాక్టరీకి రొంత ఇవతల.
ట్రాక్టర్లో నాలుగు టన్నులు తోతాపురి.
మీ పేజీ తెల్లగా ఉండాది, తిరగతా ఉండాది, అంతే.
అడుగున కాయ చెమట పట్టేసింది, చూడమ్మా."

తొంభై మూడండీ అనబోయి
నాలుక కరుచుకున్నాను.
నేను తూచింది నా టేబుల్ మీద,
ఫైబర్ తీగ పక్కన, కొత్త లాప్‌టాప్‌లో.
కాటాని ఏసీ గదిలో పెట్టుకుని
రోడ్డు మీద సరుక్కి తూకం చెప్పినాను.

కమాండు చివర రెండు మాటలు చేర్చినాను:
నెట్‌ని నెమ్మది చెయ్,
ప్రాసెసర్‌ని నాలుగో వంతుకి దించు.
అంటే, నా లాప్‌టాప్ కాళ్ళకి బండ కట్టి
ఒక్క గీత సిగ్నల్ కింద, జూన్ ఎండలో
గాజు పగిలిన ఆరువేల ఫోనుని చేసి
ఆ క్యూలో నిలబెట్టినాను.

ఎంటర్.
మూడు సెకన్లు. తెలుపు.
ఏడు. తెలుపే.
పదకొండు. పేజీ కట్టిన నేను
పేజీ కోసం కాచుకున్నది అదే మొదలు.
నడిమిది పద్నాలుగు పాయింట్ రెండు.
మార్కులు ఇరవై ఆరు. ఎరుపు.

కింద చిట్టా. దేని బరువు ఎంతో, దేనికి ఎంతసేపో.
రెండు ఫాంట్లు, ఎవరూ చదవని లెక్కలు రాసే స్క్రిప్టులు మూడు,
అన్నిటికన్నా పైన
ఒక మామిడిపండు ఫోటో.
చెక్కబల్ల మీద, నీటిబొట్లతో, వెనక రెండాకులు.
బెంగళూరు నుంచి మనిషిని పిలిపించి
జ్ఞానశేఖర్ తీయించింది.
బరువు నాలుగు ఎంబీలు.
అదీ బేనీషా.
ఆ ఫ్యాక్టరీ బేనీషా కొనదు.

నాలుగు ఎంబీల మామిడి
నాలుగు టన్నుల మామిడికి
అడ్డంగా పండుకుని ఉండాది.

తీసేసినాను. ఎవర్నీ అడగలా.
ఒక ఫాంటునీ, మూడు స్క్రిప్టుల్నీ దాంతోపాటే.
మళ్ళీ ఐదుసార్లు. అదే ఎండ, అదే పగిలిన ఫోను.
ఒకటి పాయింట్ తొమ్మిది.

"పేజీ బోడిగా ఉందే" అన్నాడు జ్ఞానశేఖర్.
"తెరుచుకుంటుంది సార్" అన్నాను.

సాయంత్రం నేనే ఫోన్ చేసినాను.
"వచ్చిందమ్మా, కన్ను మూసి తెరిచేలోపల వచ్చింది.
ఈ పొద్దుకి టోకెన్లు అయిపోయినాయని రాసుండాది.
ముందైతే తిరిగేది చూసుకుంటా
పావుగంట ఆశగానన్నా ఉండేవాణ్ణి."
నవ్వినాడో, దగ్గినాడో.
వెనక ఎవరిదో ట్రాక్టరు స్టార్ట్ అయింది.

రాత్రి రెండింటికి దానంతటదే నడిచేట్టు
కమాండుని గడియారానికి కట్టినాను.
పొద్దున లాగ్ ఫైల్లో ఒక వరుస ఉంటుంది:
తారీఖు, ఐదు అంకెలు, నడిమిది.

మా తాత చిట్టాలో చివరన తరుగుకి ఒక గడి ఉండేది.
దీంట్లో అది ఏడ పెట్టాలో తెలీక
కొంచేపు కర్సర్‌ని చూస్తా కూర్చుని
లైట్లు ఆపి కిందికి దిగినాను.
జిరాక్సు షాపు ఎప్పుడో మూసేసినారు.