ఇసుక డబ్బా

దులమ్‌సురెన్ నా వ్యాను ఆపి
బిస్కట్ల డబ్బా ఒకటి చేతిలో పెట్టింది.
బరువుగా ఉంది. లోపల ఇసుక.
ఇసుకలో మనవరాలి ట్యాబ్లెట్ బ్యాటరీ,
పచ్చిగడ్డి మేసిన గొర్రె పొట్టలా ఉబ్బి,
రెండు రాగి నాలుకల మీదా టేపు అంటించుకుని.

"హీటరు దగ్గర పెట్టకు.
దేనికీ గుచ్చుకోనివ్వకు.
నీ సిగరెట్టుకి దూరంగా ఉంచు,
దానికి నీకంటే కోపం ఎక్కువ."

పొయ్యిలో పడేస్తే పోయేదిగా అన్నాను, ఊరికే.
ఆ చూపు ముందు
మైనస్ ముప్ఫై ఎనిమిది వెచ్చగా అనిపించింది.
మా పొయ్యిలో ఉల్లిపొట్టు కూడా వెయ్యం.
నిప్పు ఇంటికి పెద్ద.
పెద్దల నోట్లో చెత్త పెడతామా?
పోనీ, గొయ్యి తీసి?
గొయ్యి మీదేగా
రేపు గొర్రెలు మేసేది.

పదకొండేళ్లుగా ఈ దారిలో
పెళ్లికూతుర్ని తీసుకెళ్లాను, కుట్టుమిషను తీసుకెళ్లాను,
పన్నునొప్పితో ఏడ్చే సార్జెంటుని తీసుకెళ్లాను.
బ్యాటరీకి టిక్కెట్టు ఎంతో తెలీదు.
ఎండు పెరుగు గడ్డలు ఒక సంచీ ఇచ్చింది.

రాత్రి మజిలీలో డబ్బాని బయట రాతి మీద పెట్టి
కిటికీలోంచి రెండుసార్లు చూశాను,
కట్టేసిన గుర్రాన్ని చూసినట్టు.

ఉలాన్‌బాతర్‌లో మొదటి కొట్టువాడు
కొత్తది కొంటేనే పాతది తీసుకుంటానన్నాడు.
రెండోవాడు గుమ్మం ముందున్న చెత్తకుండీ చూపించాడు.
కుండీలోంచి లారీలోకి,
లారీలో చెత్తని నొక్కే ఇనప దవడలోకి.
ఆ దవడ కింద ఏమవుతుందో
మా బావమరిది చుల్తెమ్‌ని అడగండి.
వాడికి కనుబొమ్మలు ఇంకా పూర్తిగా రాలేదు.

మూడో రోజు, వంతెన పక్కన
ఫోన్లు బాగుచేసే ఇరుకు గదిలో
ఒకమ్మాయి మూత తీసి చాలాసేపు మాట్లాడలేదు.
"ఇలా సర్దింది ఎవరు?"
"ఒకావిడ. గొర్రెలు కాస్తుంది."
"ఇక్కడివాళ్లు జేబులో వేసుకొస్తారు,
తాళంచెవుల పక్కన."
ముల్లు తీసినట్టు తీసింది.
విడిగా ఓ సంచీలో చుట్టి ఎర్ర పీపాలో దించింది.
నెలకోసారి బండి వస్తుందట.
"ఆ తర్వాత?"
"ఆ తర్వాత నాకూ తెలీదు. మంట మాత్రం కాదు."

డబ్బా వెనక్కి తెచ్చాను, ఇసుకతో సహా.
ముందే చెప్పింది:
అది మా ఏటి ఇసుక, పట్నంలో పారబొయ్యకు.

గడ్డకట్టిన ఏటి ఒడ్డున
వంగి పోస్తుందనుకున్నాను.
మూత గట్టిగా నొక్కి
పక్క గుడారాల వైపు చూసింది.
అక్కడ నలుగురు నిలబడి ఉన్నారు,
ఒక్కొక్కరి చంకలో ఒక్కో డబ్బా.

నా సిగరెట్టు నేనే ఆర్పేశాను.