రొట్టెల కొట్టు వెనక గోడ

నాటకశాల చూశాను.
రాతిమెట్ల సందుల్లో సోంపు మొక్కలు, కూర్చున్నవాళ్లలాగే.
స్నానశాల చూశాను.
నీళ్లు టిక్కెట్టు మీది బొమ్మలోనే ఉన్నాయి.
రెండింటికల్లా ఊరు తలుపులేసుకుంది.
బస్సు నాలుగుంబావుకి.

తెరిచి ఉన్నది ఫిర్మీనా రొట్టెల కొట్టొక్కటే.
"రోమన్ల రాళ్లన్నీ అయ్యాయా?" అంది,
పిండి చేతులు దులుపుకుంటూ.
"అయితే మా చిన్నదాన్ని కూడా చూసి పో."

పెరటివైపు గోడలో
తలకిందులుగా ఒక రాయి.
మామగారి తండ్రి కట్టాడట.
అక్షరాలు ఎటున్నాయని కాదు,
వరసలో ఎటు కుదురుతుందని చూశాడట.

నడుం వంచి, మెడ తిప్పి
కూడబలుక్కుని చదివాను:
అవీటా.
ఆరేళ్లు.
కింది వరస, అంటే పైది,
సున్నం కింద ఉంది.
అమ్మ పేరో, నాన్న పేరో.

పడిపోకుండా చెయ్యి ఆనించాను.
రాయి వెచ్చగా ఉంది.
గోడకి అవతల పొయ్యి.

లిస్బన్ నుంచి ఒకాయన వచ్చాడట,
టేపుతో, బ్రష్షుతో.
గాజుపెట్టెలో పెడతాం,
నిటారుగా నిలబెడతాం,
పైన లైటు కూడా వేస్తాం అన్నాడట.
"అక్కడ పొయ్యి ఉంటుందా అని అడిగా.
అన్నీ రాసుకున్నాడు గానీ
ఆ మాట రాసుకోలేదు."

ఒక రొట్టె కొన్నాను.
చిల్లర లెక్కపెడుతూ,
ఎవరో అడిగినట్టు, తనే చెప్పింది:
"ఆదివారాలు పొయ్యి వెలిగించం.
ఆ పూట
పిల్లిని అటు తోలతాను."