కొసరు

నలభై ఏడో నంబరు మగ్గానికి
ఇనుప పక్కటెముక మీద ఉబ్బెత్తు అక్షరాలుండేవి.
రౌతు గుంపస్వామికి చదువు రాదు.
నూనె పోసిన ప్రతిసారీ వేలితో తడిమి
"ఈడి ఊరు డండీ అటండి గుమస్తాగారూ,
ఈడూ మనలాగే వలసొచ్చీసినాడు" అనేవాడు.

నేను టైమాఫీసు గుమస్తాని.
నాకు చదువొచ్చు.

ఎనభై నాలుగు చలికాలం.
ఇంగ్లండులో బొగ్గుగని మనుషులు సమ్మెలో ఉన్నారని
యూనియన్ ఆఫీసులో ఎవరో పేపరు చదివారు.
గోగునార కంపు వదలని చేతులు
డాల్డా డబ్బాలో పావలాలు వేశాయి.
నలభై మూడు రూపాయలు.
ఎలా పంపాలో ఎవరికీ తెలీలేదు.
ఆఖరికి స్పిన్నింగు సెక్షను బోడసింగి భార్య పురుడు
ఆ డబ్బుతో గట్టెక్కింది.
"ఏటైతేనేటి, కూలోడి డబ్బు కూలోడికే సేరింది"
అన్నాడు గుంపస్వామి.

ఆ తర్వాత అక్కడేమైందో
పొట్లాలు కట్టిన కాగితాల్లో ముక్కలు ముక్కలుగా చదివాను.
గని మూసిన ఊళ్ళో
ముందు సారా దుకాణం కాదు, రొట్టెల కొట్టు మూతపడిందని.
నీళ్ళకీ కరెంటుకీ రైలుకీ కొత్త యజమానులొచ్చారని.
సర్కారు ఇల్లు చవగ్గా కొనుక్కున్న తండ్రి మురిసిపోయాడని,
అతని కొడుక్కి జీవితమంతా అద్దే మిగిలిందని.
చదివి, మడిచి, సొరుగులో పెట్టేశాను.
ఎక్కడి ఊరు, ఎక్కడి గొడవ.

తొంభైల్లో ఆ గాలి చంపావతి దాటింది.
ప్లాస్టిక్ సంచి వచ్చింది, తేలిగ్గా, తళతళా.
వెనకే ఒక కాగితం, ఇంగ్లీషులో.
తెలుగు చెయ్యమని మేనేజరు నా బల్ల మీద పెట్టాడు.
ఒక్క మాట దగ్గర పెన్ను ఆగింది.
రెండు టీలు తాగి
"స్వచ్ఛందంగా" అని రాశాను.
దస్తూరీ ముచ్చటగా ఉందన్నాడాయన.

గేటు దగ్గర అదే కాగితం
గుంపస్వామి నాచేతే చదివించుకున్నాడు.
"స్వచ్ఛందంగా అంటే?"
"నీ అంతట నువ్వే, ఇష్టపడి."
"నానెప్పుడిష్టపడ్డాను బాబూ?"

స్వేచ్ఛా మార్కెట్ అంటే ఏమిటని కూడా
ఒకసారి అడిగాడు.
మార్కెట్ అతనికి కొత్త కాదు.
గంటస్తంభం పక్క వంకాయలమ్మే గౌరమ్మ
తక్కెడ దించాక మరో రెండు కాయలు
అతని సంచిలోకి విసురుతుంది.
"కొసరు లేపోతే అది బేరమేటండి, తగువు" అనేవాడు.
కొసరు తీసేస్తే మిగిలేదాని పేరే అదని
నేను చెప్పలేకపోయాను.

తర్వాత కథ పెద్దగా లేదు.
క్వార్టర్ల మీద తుమ్మలు లేచాయి.
సంచులు కుట్టిన ఆడవాళ్ళు తెల్లారగట్ట పాసింజరెక్కి
విశాఖలో అపార్ట్‌మెంట్ల మెట్లు తుడవబోయారు.
గుంపస్వామి రింగురోడ్డులో ఒక షోరూముకి
రాత్రి కాపలా.
నేను కలెక్టరాఫీసు అరుగు మీద అర్జీలు రాస్తూ,
"స్వచ్ఛంద" అన్న మాట
ఏ అర్జీలోనూ వాడకుండా.

మగ్గాలు తుక్కు కింద, కిలోల లెక్కన వెళ్ళాయి.
నలభై ఏడుని సుత్తితో కొడుతుంటే
ఆ అక్షరాల ముక్క తనకిమ్మని అడిగాడు.
తుక్కువాడు కాటా వేశాడు.
రెండు కిలోల నూటయాభై గ్రాములు.
ఆ నూటయాభైకీ డబ్బు తీసుకున్నాడు.

మొన్న వాళ్ళ మనవరాలు లావణ్య
ఫోనులో వీడియో పెట్టింది.
డండీ అట. మిల్లు ఇప్పుడు మ్యూజియం.
పక్క మిల్లులో ఫ్లాట్లు, బాల్కనీల్లో పూలకుండీలు.
గాజు తలుపు వెనక, తుడిచి మెరిపించిన మగ్గం ముందు
ఒక ముసలామె నిలబడి
పెదాలు పెద్దవి చేసి, చేతులు తిప్పి
టికెట్టు కొన్నవాళ్ళకి ఏదో చూపిస్తోంది.
సౌండు రావడం లేదు.

గుంపస్వామి ఫోను లాక్కున్నాడు.
"పోగు తెగింది, సూడు, అంటంది...
మేస్త్రీ వస్తన్నాడు, నవ్వకు, అంటంది..."
మగ్గాల హోరులో మాట వినబడని మనుషుల భాష.
అతని చేతులు వాటంతటవే లేచి
ఆ గాజుకి జవాబు చెప్పాయి.

నాకు చదువొచ్చు, ఇంగ్లీషు కూడా.
ఆమె ఏమందో
అతన్నడిగి రాసుకున్నాను.