పద్నాలుగు బారలు

అడయారులో మా ల్యాబు సముద్రం
ముప్ఫై మీటర్ల పొడుగు.
మీట నొక్కితే అల. వదిలితే నిద్ర.
చప్పిడి నీళ్లు, నేనడిగినంతే ఎగిరేవి.
ఇరవై రెండేళ్లు వాటి మీదే జీతం తీసుకున్నాను.

ఎన్నూరు బయట మేం దించిన తేలుడు బుడ్డి
అలల నుంచి కరెంటు పిండాలి.
పదకొండు నెలలకు క్రేను పైకి లాగితే
మేం వేసిన పసుప్పచ్చ రంగు ఏదీ?
ఒళ్లంతా గుల్లలు, నాచు, ఎవరివో గుడ్లు.
లంగరు గొలుసుకి చుట్టుకుని
ఒక నీలం వల.

వల మనిషిని కాశిమేడులో వెతికి పట్టుకున్నాను.
అంతోణి తిట్టలేదు.
పడవ పక్కన నిలబడి, చేతులు బార్లా చాపి
మళ్లీ మళ్లీ చాపి, లెక్కపెట్టాడు.
పద్నాలుగు.
"తై నెలలో రా అమ్మా,
అడుగున నీళ్లు ఎటు తిరుగుతాయో చూపిస్తా.
మీ గొలుసు అడ్డంగా వేశారు."

ఆ రాత్రి పేపరు దిద్దుతూ
'స్థానికంగా స్వల్ప అంతరాయం' దగ్గర ఆగిపోయాను.
నేను రాసిందే.
కొట్టేసి, పద్నాలుగు బారల వల అని రాశాను.
గొలుసు బొమ్మ మొదటి నుంచీ గీయాలి,
అది వేరే సంగతి.

ఇదేం కొలత అని సమీక్షకులు అడుగుతారు.
అడగనీ.
చేతులు చాపి చూపిస్తాను.