పోస్టాఫీసు గోడకు

సోమవారం రాత్రి సమావేశానికి నలుగురొచ్చారు.
ఒకాయన చలి కాచుకోవడానికి.
ఒకావిడ తలుపు తప్పి. కుట్టుపని క్లాసు పై అంతస్తులో.
అయినా కూర్చుంది పాపం,
మురుగు పైపుల పద్దు అయిపోయేదాకా,
ఒళ్లో సగం కుట్టిన చొక్కాతో.

మంగళవారం తెల్లారకముందే
వంటింటి బల్ల మీద ఒక కాగితం రాస్తాను.
ఒక వైపే. రెండో వైపు రాస్తే
గోడకొక్కదానికే తెలుస్తుంది.
కాల్డర్ ఫాల్స్‌లో పదకొండొందల మందిమి,
ఐదుగురు సభ్యులం,
మంచు తోసే లారీ ఒకటి, దానికి రివర్సు గేరు పడదు.
(ఇదీ రాశాను, నవంబరులో.)

పదిహేను కాపీలు.
పోస్టాఫీసు గోడ, లాండ్రీ,
డెల్ఫీన్ తీబో దాణా కొట్టు,
వంతెన దగ్గర పిల్లలు బడి బస్సెక్కే చోటు.

కుక్కల లైసెన్సుకు గడువు ఏప్రిల్ ఒకటి.
గ్రంథాలయం ఇక గురువారాలు మూత.
నేను వద్దన్నాను, ముగ్గురి మీద ఇద్దరం ఓడాం.
ఎల్మ్ వీధిలో రెండిళ్ల కుళాయి నీళ్లలో సీసం తేలింది.
ఆ రెండిళ్లకీ ముందు నేనే వెళ్లి చెప్పాను,
గోడ మీద చదివి తెలుసుకోకూడదు అలాంటివి.

టౌను లాయరంటాడు: అన్నీ రాయకు మావిస్,
మినిట్స్ ఉన్నాయిగా.
ఉన్నాయి. వాటిలో మనుషులుండరు.
చర్చించడమైనది.
వాయిదా వేయడమైనది.
ఎవరిదో కనబడని చెయ్యి
రాత్రికి రాత్రి వచ్చి
ఊరి పనులన్నీ చక్కబెట్టి పోయినట్టు.

మిల్లు రోడ్డు కింది తూము అలా వాయిదా పడిందే.
రెండేళ్ల కిందట అంచనా ఎనభై నాలుగు వేల డాలర్లు.
తుప్పు పట్టిన చోట వేలు పెడితే లోపలికి దిగింది.
పెట్టి చూసింది నేనే.
చూసి కూడా, పన్ను పెంచాలంటే భయమేసి
"వచ్చే ఏడు చూద్దాం" అన్నాను.

పోయిన జులైలో వాన మూడు రోజులు పట్టింది.
వాగుకి మన మినిట్స్ చదివే అలవాటు లేదు.
రోడ్డు నోరు తెరిచింది.
పదకొండు రోజులు, అవతలి గట్టున తొమ్మిది కుటుంబాలు.
ఆర్విల్ టాట్రో గుండె మందులు
దాణా కొట్టు కుర్రాడు పడవలో పట్టుకెళ్లాడు.
ఎవరూ పోలేదు. అది మా గొప్పేం కాదు.

ఆగస్టు నుంచి ఒక వాక్యాన్ని
నేనూ వాయిదా వేస్తూనే వచ్చాను.
ఈ మంగళవారం కాఫీ మీద తెట్టు కట్టేదాకా కూర్చుని
కొట్టివేతలు లేకుండా రాశాను:
తూము తర్వాత చూద్దామన్నది నేను, మావిస్ కెండ్రిక్.
ముందు చెయ్యెత్తిందీ నేనే.
ఇప్పుడయ్యే ఖర్చు రెండు లక్షల పదివేల చిల్లర.
దాని కింద లెక్క: గొట్టం, రాయి, కూలి, తారు.

అంటించి, వెనక్కి చూడకుండా వచ్చేశాను.
బుధవారమంతా ఫోను మోగుతుందనుకున్నా.
ఒక్కసారి మోగింది.
పిల్లికి కూడా లైసెన్సు కావాలా అని.

గురువారం పోస్టాఫీసు గోడ మీద
నా కాగితానికి ఎర్ర పెన్సిలు.
ఆరేళ్లుగా నా స్పెల్లింగులు దిద్దే చెయ్యి,
ఎవరిదో ఇప్పటికీ తెలీదు.
నా ఒప్పుకోలు పక్కన ఏమీ లేదు.
తిట్టూ లేదు, పోనీలే అన్న మాటా లేదు.
అడుగున మొత్తం చుట్టూ మాత్రం ఒక సున్నా చుట్టి
"నలభై డాలర్లు తేడా. మళ్లీ కూడండి."

కరెంటు బిల్లు కవరు వెనక
అక్కడే నిలబడి కూడి చూశాను.
నిజమే. నలభై.

ఎవరో చేతి తొడుగు తీసి
ఈ చలిలో, ఈ గుడ్డి దీపం కింద
ఒక్కో అంకె మీద పెన్సిలు ఆనించుకుంటూ
చిట్టచివరి వరసదాకా వచ్చారు.
తారు దగ్గర కాస్త ఆగినట్టున్నారు,
చిన్న చుక్క ఉంది.

రేపు సరిచేసి మళ్లీ అంటించాలి, పదిహేను చోట్లా.
ఇంట్లో టేపు అయిపోయింది.
డెల్ఫీన్ ఐదింటికే కొట్టు కట్టేస్తుంది.