వెనక ఎవరూ లేరు

ముప్పై ఒకటో నిమిషంలో
ఎదిల్సన్ టక్కున ఆగి వెనక్కి తిరిగాడు,
తొడ మీద రాయి విసిరిందెవరా అని.
వెనక ఎవరూ లేరు.
సాల్తో మైదానంలో ఎండిన గడ్డి,
కంచె అవతల మాతె తాగుతున్న నలుగురు ముసలాళ్లు.
బంతి తన దారిన తాను పోయింది.
అప్పుడు కూలబడ్డాడు.

ఇది రెండోసారి.
మొదటిసారి మూడు వారాలకే
"నొప్పి లేదు ఎల్విరా" అన్నాడు.
నొప్పి పోవడం వేరు, నయమవడం వేరని
చెప్పబోయాను. ఎవరూ వినలేదు.
ఆదివారం ఆట ఉంది.

బల్ల మీద బోర్లా పడుకోబెట్టి
వేళ్లతో వెతుకుతాను.
ఇక్కడా? కాదు. కొంచెం పైన.
దిండులోంచి నలిగిన బూతు ఒకటి వినిపిస్తుంది.
సరిగ్గా అక్కడే.

పరుగంటే ముందుకు తోయడమే అనుకుంటావు.
కాదు అబ్బాయ్.
కాలు గాల్లో ముందుకు విసురుకుపోతుంటే
"చాలు, ఇక దిగు" అని వెనక నుంచి పట్టేది
ఈ హామ్‌స్ట్రింగే.
సాగుతూనే బిగిసి ఉండాలి,
నిండు చేదను బావిలోకి దించే చేతుల్లా.
నీకు తెగింది తోసే బలం కాదు,
ఆపే బలం.

మోకాళ్ల మీద నిలబడతాడు.
మడమలు నేను అదిమి పట్టుకుంటాను.
కొయ్యలా, నడుము వంచకుండా,
నేల వైపు మెల్లగా వాలాలి.
మొదటి వారం దబ్బున పడ్డాడు.
మూడో వారం
నేల మీద చీమను చూసేంత తీరిక దొరికింది.
ఐదో వారం "ఏడు లెక్కపెట్టాను" అన్నాడు.
ఐదే. నేను దిద్దలేదు.

స్కానింగ్‌లో చీలిక పూడింది.
కానీ పరిగెత్తమంటే
పదో అడుగులో చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది,
తొడను తడుముతుంది,
సంతలో జేబు చూసుకునేవాడిలా.

నిన్న సాయంత్రం వాన.
నారింజల షెడ్డుకు వెళ్లే ఆఖరి బస్సు
మా కిటికీ ముందే కదిలిపోయింది.
దాని వెంట ఎదిల్సన్, సంచి భుజాన,
నీటి గుంటలు, ఒక కుక్క, మొక్కజొన్నల బండి,
అన్నీ దాటుకుంటూ,
నేను వద్దన్న వేగంతో.
కిటికీ చువ్వ పట్టుకుని ఊపిరి బిగబట్టాను.
చెయ్యి ఒక్కసారీ వెనక్కి పోలేదు.
మెట్టెక్కాడు. బస్సు మలుపు తిరిగింది.

ఈ ఉదయం వచ్చి
బుద్ధిమంతుడిలా బల్ల మీద కూర్చుని అడిగాడు,
"పరుగు ఎప్పుడు మొదలుపెడదాం?"

ఫైల్లో తేదీ వేశాను. నిన్నటిది.
"మోకాళ్ల మీద నిలబడు" అన్నాను.
మడమలు పట్టుకున్నాను.